నింగినుండి చూచిన ప్రాతనేల

అనంతపురము సీమ దక్కను పీఠభూమిలోని మిట్టనేల. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలకు తగిలి తన నీటిలో పెద్దపాలు అచ్చటనే విడిచివేయును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనము ఈ సీమకు చేరులోపలనే బలము కోల్పోవును. ఈ రెండు కారణములచే ఇచ్చట ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. మన దేశమున రాజస్థానములోని జైసల్మేరు తరువాత మిక్కిలి తక్కువ వాన పడు జిల్లాగా దీనిని చెప్పుదురు. ఎఱ్ఱని చేలు, వాని నడుమ నల్లని గుండ్ల గుట్టలు, ఎండిన వంకలు, వేరుసెనగ పంట, గొఱ్ఱెల మందలు - ఇవి ఈ సీమ గుర్తులు. 1882వ సంవత్సరమున బళ్ళారి జిల్లానుండి వేరుపడి అనంతపురము జిల్లా ఏర్పడినది. 2022లో అది మరల రెండు జిల్లాలుగా విభజింపబడినది.

కరవు రైతునకు శత్రువు. దాని మేలును పొగడువారు లేరు. అయినను చరిత్రకారునకు కరవు నేల ఒక ఉపకారము చేయుచున్నది. దట్టమైన అడవులు పెరుగు చోట ప్రాచీనుల కట్టడములు చెట్లక్రింద మరుగుపడును. నదులు పొంగు చోట అవి ఒండ్రుమట్టిలో మునిగిపోవును. వాన తక్కువయై, చెట్టు పలుచనై, మట్టిపొర సన్ననైన మిట్టనేలలో పూర్వులు పేర్చిన రాయి వేల యేండ్లైనను పేర్చినచోటనే యుండును. నేలలో త్రవ్విన గుంత పూడిపోయినను దాని జాడ పూర్తిగా చెరగదు. ఆ జాడలను చదువుటకు నింగినుండి తీసిన చిత్రములు మంచి సాధనములు. వానిని ఎట్లు చదువవలెనో, చదివినదానిని ఎంతవరకు నమ్మవలెనో తెలియుటే ఈ పాఠమునందలి విషయము.

ఈ మిట్టనేలపై ప్రాచీనులు విడిచిన గుర్తులలో రెండు ముఖ్యములు. మొదటివి బూడిద దిబ్బలు. ఇవి క్రొత్తరాతి యుగమునాటి పశుపాలకుల దొడ్లకు సంబంధించినవి. దక్షిణ దేశమున ఆ యుగము సుమారు క్రీ.పూ. 3000 మొదలు 1200 వరకు సాగినది. రెండవవి పెద్దరాళ్ళ సమాధులు. ఇవి ఆ తరువాత వచ్చిన ఇనుప యుగమునాటివి. చచ్చినవారి యెముకలను, వారికి కావలసిన కుండలను, ఇనుప పనిముట్లను భూమిలో నుంచి, చుట్టును బండరాళ్ళను వలయముగా పేర్చుట ఆనాటి ఆచారము. కొన్నిచోట్ల నాలుగు రాతిపలకలను పెట్టెవలె నిలిపి, పైన నొక పెద్దపలకను మూతగా వేయుదురు. పలుచోట్ల తూర్పు పలకకు గుండ్రని రంధ్రము కూడ నుండును. ఇట్టివానిని తెలుగుదేశమున రాక్షసగుళ్ళనియు, పాండవుల గుళ్ళనియు ప్రజలు పిలుచుచుందురు. కల్యాణదుర్గము పరిసరములలోని ముదిగల్లు, గొల్లపల్లి గ్రామములయొద్ద గల ఇట్టి సమాధులను జిల్లా చరిత్రలు పేర్కొనుచున్నవి. ఆ ప్రాంతముననే పాలవాయి యను గ్రామముకడ బూడిద దిబ్బలును కలవు.

ఇవి నేలపైన కనబడుచుండగా నింగినుండి చూడవలసిన పని యేమని తోచవచ్చును. ముంగిట వేసిన ముగ్గుమీద చీమ ప్రాకుచున్నదనుకొనుడు. దానికి ఇచ్చటనొక పిండిచుక్క, అచ్చటనొక పిండిగీత కనబడును గాని ముగ్గు కనబడదు. గడపలో నిలిచిన ఇల్లాలికి ముగ్గంతయు ఒక్కసారి కనబడును. చేనిగట్టున నడచువానికి ఒక బండ, కొంత దూరమున మరియొక బండ, నడుమ తుమ్మకంప అగపడును. అవి ఒకే వలయములోనివని అతనికి తోచదు. కొంత ఎత్తునుండి చూచిన వలయము వలయముగా తెలియును. ఒకచోట పది వలయములున్నచో వాని అమరికయు తెలియును. ఏ వలయము గుట్టప్రక్కన నున్నది, ఏది చెరువుకట్టకు దగ్గరగా నున్నది, సమాధులు ఊరికి ఏ దిక్కున నున్నవి - ఇట్టి ప్రశ్నలకు జవాబు ఒక్క చూపులో లభించును.

ఈ విద్య విమానములతో పాటు పెరిగినది. 1906వ సంవత్సరమున ఇంగ్లండులో షార్పు అను సైనికోద్యోగి సైన్యపు బెలూనునుండి స్టోన్‌హెంజి అను ప్రాచీన శిలావలయమును చిత్రించెను. మొదటి ప్రపంచయుద్ధమున శత్రువుల కందకములను కనుగొనుటకై విమానములనుండి చిత్రములు తీయుట మిక్కిలి వృద్ధిపొందెను. యుద్ధము ముగిసిన పిదప ఆ నేర్పు ప్రాచీనుల కందకములను వెదకుటకు ఉపయోగపడెను. 1925 డిసెంబరులో ఇన్సాల్ అను వైమానికుడు స్టోన్‌హెంజికి సుమారు 3 కిలోమీటర్ల దూరమున ఒక పొలముపై ఎగురుచు, నేలలో గుండ్రని గీతను, దాని లోపల తెల్లని చుక్కల వరుసలను చూచెను. అంతవరకు ఆ చోటును కూలిపోయిన మట్టిదిబ్బయని జనులు తలంచుచుండిరి. మరుసటి సంవత్సరము మొదలుకొని కన్నింగ్‌టన్ దంపతులు అచ్చట త్రవ్వి చూడగా, ఆ చుక్కలు ఒకప్పుడు పెద్ద మ్రాకులను నాటిన గుంతలని తేలెను. మ్రాకులు కుళ్ళి మట్టిలో కలసి నాలుగువేల యేండ్లు గడచినను గుంతల గుర్తు మిగిలినది. ఆ చోటునకు వుడ్‌హెంజి యని పేరు పెట్టిరి. 1928లో క్రాఫర్డు, కైలరు అను ఇరువురు పండితులు దక్షిణ ఇంగ్లండులోని ఇట్టి స్థలముల చిత్రములను గ్రంథముగా వెలువరించి ఈ శాస్త్రమునకు పునాది వేసిరి.

ఎండనేలలో ఈ విద్య ఎంత పని చేయునో తెలుపు దృష్టాంతము అరేబియాలో కలదు. 1920 దశకమున ఆంగ్ల వైమానికులు కైరోనుండి బాగ్దాదునకు టపా తీసికొనిపోవుచు ఎడారిమీదుగా ఎగురుచుండిరి. నల్లరాతి మైదానములలో మైళ్ళ దూరము సాగిన రాతిగోడలును, వలయములును వారికి కనబడినవి. మెయిట్లాండు అను వైమానికుడు 1927లో వానినిగూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అచ్చటి సంచారజాతులవారు వానిని అంతకుముందే ఎరుగుదురు. అవి పూర్వుల పనులని వారు ఆయనకు చెప్పిరి. అవి వన్యమృగములను తరిమి పట్టుటకు కట్టిన ఉచ్చులని పండితులు తరువాత నిర్ణయించిరి. వైమానికులు చూచినది ఆకారము. సంచారజాతులు చెప్పినది పేరు. పండితులు తేల్చినది ప్రయోజనము. ఈ మూడును కలసిననే గాని చరిత్ర కాలేదు.

నింగినుండి తీసిన చిత్రములో ప్రాచీన చిహ్నములు మూడు విధములుగా తెలియును. మొదటిది నీడ గుర్తు. జానెడెత్తు గట్టు మిట్టమధ్యాహ్నము కనబడదు. ప్రొద్దు పొడుచునప్పుడును, క్రుంకునప్పుడును అదే గట్టు మూరెడు నీడ వేయును. కావున రాతివలయములను, పల్లపు గుంతలను చిత్రించుటకు ఉదయ సాయంకాలములే తగిన వేళలు. రెండవది మట్టి గుర్తు. పూడిన గుంతలోని మట్టి చుట్టుపట్ల మట్టివంటిది కాదు. దాని రంగు వేరు, అది నీటిని పట్టి యుంచు కాలము వేరు. పంట కోసి దున్నిన చేనిలోను, తొలకరి వాన పడి ఆరుచున్న నేలలోను ఆ భేదము మరకవలె కనబడును. మూడవది పైరు గుర్తు. పూడిన కందకముపై పెరిగిన పైరునకు లోతైన మట్టియు, తేమయు దొరకును. అది చుట్టుపట్ల పైరుకంటె ఏపుగా, పచ్చగా నుండును. పాతుకొనియున్న గోడమీదనో, రాతిపలకమీదనో పెరిగిన పైరునకు వేరు దిగదు. అది ముందుగా వాడి పసుపువన్నె తిరుగును. రైతు తన చేనిలో ఒకచోట పైరు ఎల్లప్పుడును ముందుగా ఎండుచుండుట చూచి క్రింద బండ యున్నదని గ్రహించును. శాస్త్రజ్ఞుడు చేయునదియు అంతియే. అతడు దానిని చేను చేనంతయు ఒక్కసారి పైనుండి చూచును.

నీరు సమృద్ధిగా దొరకిన యేట పైరంతయు ఒకే పచ్చదనముతో నుండి, భూమి తన గుట్టు దాచుకొనును. నీరు కరవైన యేట వేరు ఎంత లోతునకు పోగలదో పైరు వన్నెయే చెప్పివేయును. 2013వ సంవత్సరపు వేసవిలో స్టోన్‌హెంజియొద్ద గడ్డికి నీరు పెట్టు గొట్టము పొడవు చాలలేదు. నీరందని భాగమున గడ్డి కొన్ని చోట్ల మాత్రము మచ్చలుగా ఎండినది. అచ్చటి ఉద్యోగి యొకడు ఆ మచ్చలను గమనించెను. పరిశీలింపగా అవి వలయములో లోపించిన రాళ్ళు ఒకప్పుడు నిలిచియుండిన చోట్లని తోచెను. ఆ వలయము మొదట పూర్ణముగా నుండెనా లేదా యని పండితులు చిరకాలముగా వాదించుచుండిరి. ఒక పొట్టి గొట్టము ఆ వాదములో ఒక సాక్ష్యమును చూపినది. 2018లో ఐర్లండు దేశమున గొప్ప అనావృష్టి కలిగెను. ఆ జూలైలో ఆంటొనీ మర్ఫీ, కెన్ విలియమ్సు అను ఇరువురు బోయిన్ నదీలోయలో డ్రోనులను ఎగురవేసి, ఎండిన పొలములో ఎవ్వరు నెరుగని ఒక మహావలయమును కనుగొనిరి. ఎండ ముదిరిన ఆ కొలది వారములలో తప్ప అది కంటికి అగపడదు.

ఈ సూత్రములను అనంతపురము నేలకు అన్వయించి చూడవలెను. ఇచ్చటి సమాధి వలయములు చాలవరకు 5 మొదలు 15 మీటర్ల వ్యాసము గలవి. చెదరని వలయము చిత్రములో చుక్కల గొలుసువలె నుండును. దాని నడుమ పలకలు కూలిన చోట చిన్న గుంటయో, పలకల చతురస్రమో కనబడును. ఇవి తరచుగా ఒంటిగా నుండవు, గుంపులుగా నుండును. గుట్టల పాదములందును, దున్నుటకు పనికిరాని రాతినేలలయందును ఎక్కువగా మిగిలియుండును. బూడిద దిబ్బల రూపు వేరు. ఎఱ్ఱనేల నడుమ బూడిదవన్నెతోనో, తెలుపువన్నెతోనో గుండ్రని మరకవలె నవి తోచును. దిబ్బ చదునైపోయినను బూడిద కలసిన మన్ను రంగు పూర్తిగా మారదు. నవంబరు తరువాత వేరుసెనగ పెరికిన చేలు బోడిగా నుండును గనుక మట్టి గుర్తులకు ఆ కాలము అనుకూలము. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వాన మొగము చాటుచేసి పైరు వాడు దినములు పైరు గుర్తులకు అనుకూలములు. రైతు నింగివైపు దిగులుతో చూచు ఆ దినములలోనే నింగినుండి నేలను చదువుట సులభమగును.

గుండ్రని మరక కనబడినంతమాత్రమున అది ప్రాచీనుల దొడ్డి యని ఎట్లు చెప్పగలరు? ఈ ప్రశ్నకు జవాబు చిత్రములలో దొరకలేదు, గడ్డపారతో త్రవ్వగా దొరకినది. బూడిద దిబ్బలనుగూర్చి న్యూబోల్డు అను సైనికోద్యోగి 1843లోనే ఒక వ్యాసము ప్రకటించెను. అవి రాక్షసుల చితాభస్మమని జనులు నమ్ముచుండిరి. హంపికి సమీపమున నింబాపురముకడ నున్న దిబ్బను వాలిని దహనము చేసిన చోటుగా ఇప్పటికిని చూపుదురు. ఇవి అగ్నిపర్వతపు బూడిదయని కొందరును, లోహము కరిగించిన చిట్టెమని కొందరును ఊహించిరి. భూగర్భశాస్త్రజ్ఞుడగు రాబర్టు బ్రూస్ ఫుట్ బళ్ళారి, అనంతపురము ప్రాంతములలో సంచరించి, వాని సమీపమున నున్న రాతి గొడ్డళ్ళను, కుండపెంకులను పరిశీలించి, అవి కాలిన పశువుల పేడ దిబ్బలని అభిప్రాయపడెను. 1960లో జాయ్నరు అను శాస్త్రజ్ఞుడు ఆ బూడిదను పరీక్షించి అది పేడ కాలిన బూడిదయే యని ప్రకటించెను. మిక్కిలి వేడిమికి ఆ బూడిద కరిగి గాజువలె గట్టిపడినదనియు తేలెను.

ఆ పేడ ఒక్కచోటనే ఎట్లు పోగైనది? దీనికి సమాధానము నాటి మహబూబ్‌నగరు జిల్లాలోని ఉట్నూరునందు దొరకినది. 1957లో రేమండు ఆల్చిన్ అచ్చటి దిబ్బను త్రవ్వెను. బూడిద పొరలక్రింద దుంగలు నాటిన గుంతల వరుసలు వెలువడినవి. ఆ వరుసలు పశువుల దొడ్డి చుట్టును వేసిన కంచెను సూచించెను. దుంగలు లేవు, గుంతలు మిగిలినవి. అంతకంటె వింతయైనది మరియొకటి కలదు. బూడిదలో పశువుల గిట్టల గుర్తులు చెక్కుచెదరకుండ నిలిచియుండెను. దొడ్డి పలుమార్లు కాలినదనియు, కాలిన ప్రతిసారి మరల కట్టబడినదనియు ఆల్చిన్ నిశ్చయించెను. సంక్రాంతివంటి పండుగలలో పశువులను మంటల ప్రక్కగా తోలు ఆచారము దక్షిణదేశమున పలుచోట్ల నేటికిని కలదు. దొడ్లలోని పేడను కాల్చుట అట్టి ఉత్సవమై యుండునని ఆయన ఊహించెను. ఆ విషయములను 1963లో ప్రకటించిన గ్రంథమున ఆయన వివరించెను.

అనంతపురము జిల్లాలోనే పాలవాయియందలి దిబ్బలను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చెందిన వి. రామిరెడ్డి పరిశోధించి 1976లో గ్రంథము వెలువరించెను. కర్ణాటకములోని బూదిహాళునందు కె. పద్దయ్య 1989వ సంవత్సరమునుండి త్రవ్వకములు జరిపి, పశువుల దొడ్డియు, దాని ప్రక్కనే మనుష్యుల నివాసములును గల పల్లెను వెలికి తీసెను. ఇట్టి బూడిద దిబ్బలు దక్కనునందు నూటికి మించి తెలియవచ్చినవి. నేడు చిత్రములో ఎఱ్ఱనేల నడుమ బూడిదవన్నె వలయమును చూచి దొడ్డి యుండవచ్చునని శాస్త్రజ్ఞుడు అనుకొనుచున్నాడన్న, ఆ యూహకు ఈ త్రవ్వకములే ఆధారము. గడ్డపార నేర్పిన పాఠముననుసరించియే కన్ను చిత్రమును చదువుచున్నది.

అయినను కన్ను మోసపోవుటకు అవకాశము ఎక్కువ. గుండ్రనిదంతయు ప్రాచీనము కాదు. ఎద్దులు త్రొక్కిన కళ్ళము గుండ్రముగా నుండును, ఎండి గట్టిపడి తెల్లగా కనబడును. గొల్లలు కంపతో వేయు రొప్పము గుండ్రముగా నుండును. మంద వెళ్ళిపోయిన పిదప పెంటికల ఎరువు వలన ఆ చోటున గడ్డి పచ్చగా మొలచును. సున్నపు బట్టీ, ఇటుకల ఆవము, పూడిన దిగుడుబావి, పెంటదిబ్బ, గాలిమరకు వేసిన పునాది - ఇవన్నియు పైనుండి చూచిన వలయములుగనో మరకలుగనో తోచును. రెండువందల యేండ్లనాటి రొప్పమును నాలుగువేల యేండ్లనాటి దొడ్డిని చిత్రము మాత్రమే చూచి వేరుచేయుట సాధ్యము కాదు. కావున చిత్రమున కనబడిన ప్రతి గుర్తును నేలపైకి పోయి సరిచూడవలెను. అచ్చట రాతిగొడ్డళ్ళు, చేతితో చేసిన బూడిదవన్నె కుండపెంకులు, గాజువలె కరిగిన చిట్టెము కనబడిన అది క్రొత్తరాతి యుగమునాటిది కావచ్చును. లోపల నలుపును, వెలుపల ఎరుపును గల కుండపెంకులతో కూడిన రాతివలయమైన ఇనుప యుగమునాటి సమాధి కావచ్చును. ఏమియు లేక, పెంటికలు మాత్రమున్న అది నిన్నటి రొప్పము.

ఈ సరిచూచు పనిలో పల్లెవారి తోడ్పాటు మిక్కిలి విలువైనది. గొఱ్ఱెలకాపరి ప్రతిదినము మిట్టలమీద నడచును. ఏ రాయి ఏ చోట నిలిచియున్నదో అతనికి తెలియును. రాక్షసగుళ్ళ మిట్ట, బూడిద గడ్డ వంటి పేర్లు చేలకును, గడ్డలకును వాడుకలో నుండిన అవియే మొదటి ఆధారములు. జనులు చెప్పు కథ నిజము కాకపోవచ్చును. కాని కథ యెచ్చట కలదో అచ్చట పూర్వులు దేనినో చూచి ఆశ్చర్యపడిరని గ్రహింపవచ్చును. తెలంగాణములో కృష్ణ యొడ్డున ముడుమాల గ్రామమున సుమారు 80 నిలువురాళ్ళు కలవు. గ్రామస్థులు వానిని తరతరములుగా ఎరుగుదురు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కె.పి. రావు వానిని దీర్ఘకాలము పరిశోధించి, వాని అమరికకు సూర్యగతితో సంబంధము కలదని నిరూపింప యత్నించెను. 2025లో ఆ స్థలము యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది. పల్లెవారి యెరుకయు, పండితుని పరిశీలనయు కలసినప్పుడు ఒక మూలనున్న రాళ్ళగుంపు ప్రపంచమునకు తెలియవచ్చును.

నేడు నింగినుండి చూచుటకు విమానమే అక్కరలేదు. విమాన చిత్రములను తీయునప్పుడు ఒక చిత్రము తరువాతి చిత్రముతో నూటికి 60 పాళ్ళు కలియునట్లు తీయుదురు. అట్టి జతను స్టీరియోస్కోపు అను పనిముట్టుతో చూచిన నేల మిట్టపల్లములు లేచి కనబడును. ఉపగ్రహములు ఈ పనిని విస్తరింపజేసినవి. శ్రీహరికోటనుండి 2005 మే 5న ప్రయోగింపబడిన కార్టోశాట్-1 చిత్రములో ఒక్కొక్క చుక్క నేలపై 2.5 మీటర్లకు సమానము. 10 మీటర్ల సమాధి వలయము అందులో ఒక వరుసకు నాలుగు చుక్కలు మాత్రమే ఆక్రమించును. అట్టి చిత్రమున వలయమును పోల్చుట కష్టము. 2019 నవంబరు 27న ప్రయోగింపబడిన కార్టోశాట్-3 చిత్రములో చుక్క పావు మీటరుకంటె కొంచెము మాత్రమే పెద్దది. అదే వలయము ఇందులో ముప్పదికి పైగా చుక్కల వెడల్పు గలిగి, రాయి రాయిగా తెలియును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ఇట్టి చిత్రములను భద్రపరచి అందించుచున్నది.

ప్రాత చిత్రములకు మరియొక విలువ కలదు. అమెరికా దేశపు కొరోనా ఉపగ్రహములు 1960 మొదలు 1972 వరకు తీసిన రహస్య చిత్రములు 1995లో బహిరంగమైనవి. ట్రాక్టర్లు, మట్టితోడు యంత్రములు పల్లెలలో ప్రబలకముందు నేల ఎట్లుండెనో అవి చూపుచున్నవి. అరువది యేండ్ల క్రిందటి చిత్రమును, నేటి చిత్రమును ప్రక్కప్రక్కల నుంచి చూచిన, అప్పుడుండి ఇప్పుడు లేని వలయము ఏది యని గుర్తింపవచ్చును.

అప్పుడుండి ఇప్పుడు లేకపోవుట - ఇదియే ఈ శాస్త్రమునకు తొందర కలిగించు విషయము. కరవు నేల వేల యేండ్లు కాచినదానిని మనుష్యుడు ఒక దినములో పోగొట్టగలడు. బూడిద మంచి ఎరువని బండ్లకొలది తోలుకొనిపోవుటచే పలు దిబ్బలు తరిగిపోయినవి. సమాధి రాళ్ళను గోడలకును, కంకరకును పగులగొట్టుదురు. మిట్టలను చదునుచేసి చేలు చేయుదురు. రహదారులు, గాలిమరలు, సౌరవిద్యుత్ క్షేత్రములు దేశమునకు అవసరములే. వానికై నేలను చదును చేయుటకు ముందు చిత్రములను చూచి, గుర్తులున్న చోటును తప్పించుట కష్టమైన పని కాదు. అన్నిటికంటె హానికరమైనది గుప్తనిధులమీది దురాశ. రాక్షసగుడిలో బంగారము గలదని రాత్రివేళ త్రవ్వువారికి దొరకునవి ప్రాత కుండలు, త్రుప్పుపట్టిన ఇనుము, ఎముకలు. వానిని వారు పగులగొట్టి పారవేయుదురు. ఆ కుండ ఏ పొరలో, ఏ దిక్కున, ఏ యెముక ప్రక్కన నుండెనో తెలిసినప్పుడే దానికి విలువ. చోటు చెదరిన కుండ ఉత్త పెంకు.

ఈ సంపదను కాపాడుటకు చట్టములు కలవు. ఆంధ్రప్రదేశమున ప్రాచీన కట్టడముల, పురావస్తు స్థలముల రక్షణకై 1960లో ఒక చట్టము చేయబడినది. అంతకు మునుపే, 1878నాటి నిధి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దొరకిన పది రూపాయలకు మించిన వెలగల నిక్షేపమునుగూర్చి కలెక్టరునకు తెలియజేయుట విధి. అయినను ప్రతి మిట్టకు కావలివాని నుంచుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. ఎచ్చట నేమున్నదో ముందుగా తెలిసిననే కాపాడుట సాధ్యము. పట్టికలోనికి ఎక్కని స్థలము పోయినను, పోయినట్లు కూడ ఎవ్వరికిని తెలియదు.

నింగినుండి తీసిన చిత్రము ఆ పట్టికకు తొలి పుట. అది చూపిన గుర్తును నేలపై సరిచూచుట రెండవ పుట. అచ్చటి రాయిని కదలింపక, పెంకును ఇంటికి కొనిపోక, చూచినది చూచినట్లు వ్రాసి పెద్దలకును, పురావస్తు శాఖవారికిని తెలుపుట విద్యార్థులు సైతము చేయదగిన పని. ఉట్నూరు దొడ్డిలో నడచిన ఆవుల పేర్లు ఎవరికిని తెలియవు, వానిని కాచినవారి పేర్లును తెలియవు. వారు వ్రాత నెరుగరు. రాజుల శాసనములవలె చదువదగిన అక్షరము వారిది ఒక్కటియు లేదు. వారు విడిచిపోయిన లేఖ నేలపైని వలయమే. అది చెరిగినచో వారినిగూర్చి చెప్పుటకు మరియొక సాక్షి లేడు.

ప్రశ్నలు

1. వాన తక్కువగా పడు నేలలో ప్రాచీన చిహ్నములు ఎక్కువగా మిగులుటకు కారణములేవి?
2. నీడ గుర్తు, మట్టి గుర్తు, పైరు గుర్తు - వీని భేదములను వివరింపుడు.
3. ఉట్నూరు త్రవ్వకములలో వెలువడిన విషయములేవి? అవి బూడిద దిబ్బల రహస్యమును ఎట్లు తేల్చినవి?
4. చిత్రములో కనబడిన ప్రతి వలయమును ప్రాచీనమని నమ్మరాదు. ఏల?
5. మీ గ్రామమున ప్రాత రాళ్ళకును, మిట్టలకును గల పేర్లను పెద్దల నడిగి తెలిసికొని వ్రాయుడు.